సలేశ్వరం దారిలో పిలుపు

పొద్దున్నే హైదరాబాద్‌లో టీ తాగి బస్సెక్కాను. ఎండ ముదిరేసరికి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగుతున్నాను. మా నగరానికి ఇంత దగ్గర్లో ఇంత అడవి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. జాతర రోజుల్లో మాత్రమే తెరిచే దారి అది.

అడవిలో చప్పుడు చేయకూడదని ఎక్కడో చదివాను. అందుకే అడుగులో అడుగేసుకుంటూ నడుస్తున్నాను. ముందున్న జనమేమో లోయ అడుగున గుహలో ఉన్న శివుణ్ని గొంతు చించుకుని పిలుస్తున్నారు.

“వస్తున్నం వస్తున్నం లింగమయ్యో!”

నాకు చిరాకేసింది. మా బస్సులోనే వచ్చిన ఒక అవ్వ పక్కన కర్ర పట్టుకుని దిగుతోంది. “ఇంత గోలేంటవ్వా? జంతువులు బెదిరిపోవూ?” అన్నాను.

“ఒకరింటికి పోతే వాకిట్ల నిలవడి పిలుస్తవా లేదా? పిలవకుంట సొచ్చేది దొంగలే బిడ్డా. జర నోరు తెరువు.”

సిగ్గుపడుతూ మెల్లగా “వస్తున్నం వస్తున్నం” అన్నాను.

“పొద్దుగాల తిన్నవా లేదా? గట్టిగ!”

ఈసారి ఉన్న బలమంతా పెట్టి అరిచాను. కింద చెట్ల చాటున, కనపడని జనం “లింగమయ్యో!” అని పలికారు. ఒళ్లు ఝల్లుమంది. ఆ తర్వాత గుహ దగ్గరున్న జలపాతం దాకా నా నోరు మూతపడలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో నగరం మేడలు కనిపించగానే, కిటికీలోంచి సరదాగా “వస్తున్నం వస్తున్నం!” అని అరిచాను.

ముందు సీట్లోంచి అవ్వ వెనక్కి తిరిగి నవ్వింది. “గా బంగ్లలల్ల ఎవలు పలుకుతరు బిడ్డా?”

ఆమె మాట పూర్తికాకముందే బస్సంతా పలికింది.

“లింగమయ్యో!”