చక్రం తిప్పిన వదిన

మొన్న పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోనులో ఏదో వీడియో చూస్తూ ఉంది. పక్కవాళ్ళ ఫోనులోకి తొంగి చూడటం మర్యాద కాదని తెలిసి కూడా నా చూపు అటే పోయింది. తుపాకీ ఆటల్లో ఎగరడం, జారడం, గోడను తన్నుకొని మలుపు తిరగడం ఎలాగో ఎవరో నెమ్మది చేసి చూపిస్తున్నారు, ఒక్కో కదలిక కిందా ఒక్కో ఇంగ్లీషు పేరు రాసి పెట్టారు. ఇంత చిన్న గెంతుకు కూడా పేరుందా అని ఆశ్చర్యపోతూ ఉండగానే, నేలను తాకీ తాకకుండా, పాములాగా అటూ ఇటూ ఒంపులు తిరుగుతూ, దూకిన కొద్దీ వేగం పెంచుకుంటూ పోయే ఆ ఎగురుడు వచ్చింది. దాని కింద రాసిన పేరు చదివేలోపే బస్సు ఒక గుంతలో దిగి లేచింది, ఆ అమ్మాయి ఫోను తిప్పుకుంది. పేరు ఏదైతేనేం, నాకు అది మా వదిన ఎగురుడు.

వదిన అంటే మా మేనత్త కూతురు. బైరెడ్డిపల్లె దగ్గర పల్లెలో మెట్ట చేలల్లో కూలికి పోయే ఇంట్లో పుట్టి, వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషై, కాలేజీ కోసం మదనపల్లెలో మా ఇంటికి వచ్చి ఉండింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టే రకాన్ని. ఇంట్లో అయితే డైరీలో పేజీలు పేజీలు రాసుకునేదాన్ని, బయట ఎవరైనా పేరు అడిగితే మా అమ్మ వైపు చూసేదాన్ని. వదినకు అలాంటి బెరుకేమీ లేదు. వచ్చిన వారంలోనే వీధిలో అందరినీ అప్పా అమ్మా అని పిలిచి తనవాళ్ళను చేసుకుంది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బస్టాండు పక్క సందులో మేడ మీద నెట్ సెంటర్ నడిపేవాడు. మా తరం వాళ్ళకు ఆ గదుల గురించి చెప్పనక్కరలేదు. చెక్క గదులు, వాటికి సగం దాకా పూల కర్టెన్లు, మూతలు ఊడి గరగరమనే సీపీయూలు, కింద వీధిలోంచి వచ్చే టమోటా లారీల పొగ, అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. నేను అక్కడికి పోయేది నెట్ కోసం కాదు, వచ్చినవాళ్ళు కూర్చుని చదువుకోవడానికి మామ వేసి పెట్టిన పాత వారపత్రికల కోసం. వదిన పోయేది కంప్యూటర్ నేర్చుకోవడానికి. టైపింగ్ వస్తే ఉద్యోగం వస్తుందని మా నాన్న చెబితే బయలుదేరింది, రెండో నెలకల్లా టైపింగ్ పక్కనబెట్టి అబ్బాయిలు ఆడే తుపాకీ ఆటలో పడింది.

ఆడపిల్ల ఆడుతుంటే అందరూ చూస్తారని మామ ఆమెకు గోడవారన ఉన్న మిషను ఇచ్చాడు. అది ఎవరూ కూర్చోని మిషను. ఎవరో టీ ఒలకబోసిన నాటి నుంచి దాని స్పేస్ బార్ పని చేసేది కాదు, ఆ ఆటలో ఎగరాలంటే స్పేస్ బారే నొక్కాలి. మామ కొత్త కీబోర్డు తెస్తాను తెస్తాను అంటూనే, చివరికి ఎగిరే పనిని మౌసు మధ్యలో ఉండే చక్రానికి అప్పజెప్పాడు. చక్రాన్ని వేలితో కిందికి గీరితే ఆటలో మనిషి ఎగురుతాడు. మా సెంటర్లో దాన్ని అందరూ సక్రం అనేవాళ్ళు. మిగతా మిషన్ల వాళ్ళు స్పేస్ బార్ నొక్కి ఎగిరేవాళ్ళు, మా వదిన సక్రం తిప్పి ఎగిరేది.

టీ మరక తెచ్చిన ఈ అవస్థ ఆమెకు వరమైందని మాకెవరికీ తెలియదు. ఆ ఆటలో ఎగిరి కిందపడ్డ క్షణం నేల మనిషిని పట్టుకొని ఆపుతుంది. నేలను తాకిన ఆ రెప్పపాటులోనే మళ్ళీ ఎగరగలిగితే ఆ పట్టు తప్పించుకోవచ్చు. స్పేస్ బార్‌తో అంత ఖచ్చితంగా నొక్కడం కష్టం, చక్రం గీరితే మాత్రం చిన్న చిన్న నొక్కులు వరుసగా పడతాయి కాబట్టి వాటిలో ఏదో ఒకటి ఆ రెప్పపాటులో తగులుతుంది. అయితే అది సగం విద్యే. మిగతా సగం గాల్లో ఉంది. గాల్లో ఉన్నప్పుడు ముందుకు పోయే కీ వదిలేసి, పక్కకు పోయే కీ పట్టుకొని, చూపును కూడా మెల్లగా అదే పక్కకు తిప్పాలి. తర్వాతి గెంతుకు రెండో పక్కకు. అలా ఒంపులు తిరిగితే పరుగెత్తేవాడికన్నా ఎగిరేవాడు ముందు పోతాడు. ఇదంతా నేను ఇప్పుడు చదివి చెబుతున్న మాట. వదినకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో మోటబావిలో ఈత నేర్చుకున్న మనిషి, అదే ఒంటి తీరు వేళ్ళలోకి తెచ్చుకుంది. నేను ఆమె కుర్చీ వెనక స్టూలు మీద పత్రిక తెరిచి పట్టుకొని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా, ఆ తెర మీద గోడలూ కప్పులూ ఊయల ఊగినట్టు ఊగడం చూస్తూ కూర్చునేదాన్ని. అంత అందమైన కదలిక నేను అంతవరకు ఏ మనిషిలోనూ చూడలేదు.

ఒక్క లోపం మాత్రం ఉండేది, ఆమెకు గురి లేదు. శత్రువు ఎదురుగా నిలబడి ఉంటే వాడి చుట్టూ మూడు వంకలా ఎగిరి గోడకు కాల్చేది. మామ వచ్చి వెనక నిలబడి, "తుపాకి బరువుకు మోస్తాండావా మే? ఆడ పెట్టేసి పో, ఇంకా తేలిగ్గా ఎగరొచ్చు" అనేవాడు. నిజానికి ఆ ఆటలో తుపాకీ దాచి కత్తి పట్టుకుంటే మనిషి వేగంగానే పరుగెడతాడు. మామ ఎగతాళి చేశాడో కిటుకు చెప్పాడో మాకు తెలియకపోయినా, వదిన మరుసటి రోజు నుంచి కత్తితోనే తిరిగింది.

అబ్బాయిలు ముందు నవ్వారు, తర్వాత చూశారు, ఆ తర్వాత అనుమానించారు. ఆమె మామ ఇంటి మనిషి కాబట్టి ఆ మిషనులో ఆయన ఏదో పెట్టి ఉంటాడని, అందుకే ఆమెను వేరే మిషను మీద కూర్చోనివ్వడని మాట పుట్టింది. వేరే మిషను మీద కూర్చుంటే అక్కడ చక్రానికి ఎగురుడు కలిపి లేదు కాబట్టి ఆమె తడబడేది, ఆ తడబాటు చూసి వాళ్ళ అనుమానం గట్టిపడేది. వదిన ఎవరితోనూ వాదించలేదు గానీ, ఇంటికి నడిచి వచ్చే దారిలో ఒకసారి నాతో, దొంగ అనిపించుకోవడమంటే వాళ్ళమ్మకు ఎంత భయమో చెప్పింది. చేలో కూలికి పోయి వచ్చేటప్పుడు అడగకుండానే వాళ్ళమ్మ ఒడి విదిలించి చూపించి మరీ గట్టు దిగేదట. "నేను యాడ విదిలించి సూపించేది?" అంది వదిన.

అందుకే కుప్పంలో ఒక కాలేజీ ఉత్సవంలో కంప్యూటర్ ఆటల పోటీ ఉందని, చుట్టుపక్కల సెంటర్ల వాళ్ళు కూడా రావచ్చని తెలిసినప్పుడు ఆమె వెంటనే పేరిచ్చింది. ఎవరిదో మిషను, ఎవరిదో మౌసు, మామ చెయ్యి పడని చోటు, అక్కడ ఎగిరి చూపిస్తే ఇంక ఎవరూ ఏమీ అనలేరని ఆమె ఆశ. అదే రోజు మా సెంటర్ నుంచి అనుమానపడ్డ అబ్బాయిలు కూడా బయలుదేరారు. ఆడపిల్ల ఒంటరిగా వద్దని అమ్మ నన్ను కూడా పంపింది. మామ ముందు సీట్లో, మేము వెనక సీట్లో, పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం దాకా వదిన ఒడిలో పెట్టుకున్న చేతి వేళ్ళు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి.

కుప్పంలో కాలేజీ ల్యాబు నిండా జనం. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన అరుపులు. పోటీ చూసుకునే చివరి సంవత్సరం అబ్బాయి కోస్తా వైపు నుంచి వచ్చి చదువుకుంటున్నవాడు, మాట చాలా నిదానం. పోటీ కోసం మామ దగ్గర నేర్చుకున్నట్టే, వదిన తనకిచ్చిన మిషనులో ముందు ఎగురుడును చక్రానికి కలుపుకుంది, అలా మార్చుకోవచ్చని వాళ్ళ నియమాల్లోనే ఉంది. మొదటి ఆటలో ఆమె ఒక్క గుండు కూడా తగలనివ్వకుండా ఆ ఊరి వాళ్ళ మధ్యలోంచి ఎగిరెగిరి పోయి అవతలి కొస చేరింది. ల్యాబులో ఒక్కసారిగా గోల లేచింది. ఎట్ల ఎగర్తాండావక్కా అని ఆ ఊరి అబ్బాయి ఒకడు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

వదిన తల తిప్పకుండానే అంది. "సక్రం తిప్పినానప్పా."

గది గొల్లుమంది. మన భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆమెకు ఆ క్షణం తట్టలేదు. తెర వెనక ఉండి పనులు జరిపించుకునే వాళ్ళను చక్రం తిప్పారంటాం కదా. మా సెంటర్ అబ్బాయిలకు సక్రం అంటే ఏమిటో బాగా తెలుసు, కానీ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఊరుకున్నారు. కోస్తా అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఆవిడే ఒప్పుకుంటోంది కదా అని, ఆట ఆపేసి, పేరు కొట్టేయడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు. వదిన లేచి నిలబడి మామ కోసం చూసింది. మామ బయట టీ తాగుతున్నాడు. ఆమె ముఖం అలా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "సక్రం అంటే మౌసులో చక్రం అన్నా. మా సెంటర్లో అందరూ దాన్ని అట్లే అంటారు. ఆమె దాంతోనే ఎగురుతుంది." అంత పొడుగు మాట నేను బయటివాళ్ళతో ఆడటం అదే మొదలు. అతను ముందు నన్ను చూశాడు, తర్వాత వదిన చేతిని చూశాడు. కాగితం పక్కన పెట్టి, కుర్చీ ఈడ్చుకొని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తన మౌసు తెప్పించి తగిలించాడు. తెర మీద ఏం జరుగుతుందో తాను చూడనని, చెయ్యే చూస్తానని చెప్పాడు.

ఆ ఆటలో రెండు మేడల కప్పుల మధ్య ఒక పెద్ద సందు ఉండేది, పరుగెత్తి ఎగిరితే సగంలోనే పడిపోతారు. వదిన మొదటిసారి ఎగిరి పడిపోయింది. వెనక ఎవరో నవ్వారు. అతను కదల్లేదు. రెండోసారి ఆమె వెనక్కి వెళ్ళి, గోడ పక్కగా ఎగురుతూ వేగం కూడగట్టుకుంది. నేను కూడా తెర చూడలేదు. చూపుడువేలు చక్రాన్ని గిర్రున గీరి ఆగుతోంది, ఎడమ చేతి వేళ్ళు ఇటొకటి అటొకటి పడి లేస్తున్నాయి, మణికట్టు మెల్లగా వంగి తిరుగుతోంది, ముందుకు పోయే కీ మీద నుంచి వేలు ఎప్పుడో లేచిపోయింది. చుట్టూ లేచిన అరుపును బట్టి ఆమె అవతలి కప్పు మీద దిగిందని తెలిసింది.

ముందుకు నొక్కకుండా ముందుకెలా పోతున్నావని అడిగాడు అతను, నిజంగా అర్థం కాక. వదిన ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. "ఈత కొట్టేటప్పుడు ముందుకని యాడన్నా నొక్కుతామా అన్నా?" అంది. అతను నవ్వి, లేచి, గదికంతా వినబడేలా ఇందులో మోసమేమీ లేదని, ఇది ఈమె చేతి పని అని చెప్పాడు. మా సెంటర్ అబ్బాయిలు అది విన్నారు. అందులో ఒకడు దగ్గరికి వచ్చి, మాకూ నేర్పియ్యక్కా అన్నాడు. అంతవరకు వాడు ఆమెను ఏ వరసతోనూ పిలిచి ఎరగడు.

తర్వాతి ఆటలోనే ఆమె ఓడిపోయింది. ఎదుటివాణ్ణి చుట్టుముట్టి ఎగిరి, చివరికి కాల్చాల్సి వచ్చినప్పుడు పక్క గోడకు కాల్చింది. తిరుగు బస్సులో మామ అందుకు ఎంత ఎగతాళి చేసినా ఆమె కిటికీ దగ్గర కూర్చుని నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు వదిన ఆ కుప్పంలోనే ఒక ల్యాబులో నెలజీతపు ఉద్యోగం చేస్తోంది. నెట్ సెంటర్లు ఎప్పుడో మూతపడ్డాయి, మామ గది ఉన్న మేడ మీద టైలరు కొట్టు వచ్చింది. ఆటలు అందరి జేబుల్లోకీ వచ్చేశాయి, ఆడపిల్ల ఆడుతుందంటే తల తిప్పి చూసేవాళ్ళు లేరు, అది నాకు ఎంతో సంతోషం. కానీ మా బంధువుల పిల్లలు ఆడేటప్పుడు చూస్తుంటాను. అవతల ఎవరో, ఏ ఊరి మనిషో, చూడముచ్చటగా ఎగిరి తప్పించుకుంటే, వీళ్ళు దొంగాట అని ఒక మీట నొక్కి ఫిర్యాదు పంపేసి ఇంకో ఆటలోకి పోతారు. అవతలి మనిషికి తన మీద ఫిర్యాదు వచ్చిందని తెలుస్తుందో లేదో కూడా నాకు తెలియదు. ఆ మనిషిది కూడా ఎక్కడో ఏళ్ళ తరబడి ఒంటరిగా నేర్చుకున్న చెయ్యే అయి ఉండవచ్చు. కుర్చీ ఈడ్చుకొని పక్కన కూర్చుని, తెర సంగతి తర్వాత, ముందు నీ చెయ్యి చూపించు అని అడిగేవాళ్ళు ఆ మనిషికి ఎవరుంటారు?