కొడైకెనాల్ మంచులో వినబడని పిలుపు

పెళ్లయిన పదకొండేళ్లకు మేమిద్దరం మొదటిసారి చుట్టాల ఇంటికి కాకుండా వేరే ఊరికి వెళ్లాం. పాపను మా చెల్లెలి దగ్గర వదిలి, కాచిగూడలో మధురై రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో కొడైకెనాల్ చేరాం. లాల్‌దర్వాజాలో మా అద్దె ఇంటి గోడలు పొద్దున్నుంచే వేడి కక్కుతున్న మే నెల అది. చల్లటి చోటు, చెరువు, పడవలు అని అందరికీ చెప్పాను. మా ఆయన నాతో సరిగా మాట్లాడి రెండేళ్లవుతోందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలిగి మానేయడం కాదు. ఏదైనా అడిగితే "ఊ" అనేవారు. వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు. పలికినా నేను అడిగినదానికీ ఆయన చెప్పినదానికీ పొంతన ఉండేది కాదు. ఒకరోజు, పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్న స్నేహితురాలు చనిపోయిందని ఫోన్ వచ్చింది. పోపు మాడుతున్నా పట్టించుకోకుండా, ముందుగదిలో ఉన్న ఆయనకు అక్కడి నుంచే ఆ మాట చెప్పాను. "సరే, ఆదివారం చూద్దాంలే" అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ తర్వాత నేనూ మాటలు తగ్గించేశాను.

ఆయనది గుంటూరు వైపు. ప్రభుత్వ కార్యాలయంలో స్టెనో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ చేరారు. నేను లాల్‌దర్వాజాలోనే పుట్టి పెరిగినదాన్ని. మా గల్లీ చివర స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. సాయంత్రాలు ఆయన ఆఫీసు నుంచి ఆలస్యంగా రావడం, వచ్చాక టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చోవడం చూసి, నా మీద మనసు విరిగిందనే అనుకున్నాను. ఊరు మారితేనైనా నోరు విప్పుతారేమోనని ఈ ప్రయాణం పెట్టాను.

మర్నాడు పొద్దున ఊరు చూపించే వ్యాన్ ఎక్కాం. పన్నెండు మందిమి. వాళ్లలో మా పాతబస్తీలోనే ఉన్న హుస్సేనీ ఆలం నుంచి వచ్చిన ముసలి దంపతులు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దాయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశారట. చెవి వెనక మిషన్ పెట్టుకుని ఉన్నారు. మా ఇంటికీ వాళ్లింటికీ నడిచి వెళ్లేంత దూరమని తెలిశాక ఆయన భార్య, "అరె, ఇంత దూరమొచ్చి పక్క మొహల్లావాళ్లనే కలిసినమా!" అని నవ్వి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. మా ఆయన పెద్దాయన పక్క సీట్లోకి వెళ్లారు.

లోయ అంచున నడిచే దారి, మూడు స్తంభాల్లా నిలబడ్డ రాళ్లు చూశాం. మంచు తెరిపిచ్చినప్పుడల్లా అందరూ ఫోన్లు పైకెత్తేవారు. పదకొండున్నరకు పైన్ చెట్ల తోట దగ్గర దిగుతుంటే డ్రైవర్ తనకొచ్చిన తెలుగులో గట్టిగా చెప్పాడు. "అమ్మా, ఇక్కడ రావద్దు. వ్యాన్ ఇక్కడ నిలపనివ్వరు. పైన టీ కొట్టు దగ్గరికి రండి. అరగంట."

అందరం తల ఊపాం. మా ఆయన కూడా ఊపారు. ఫోటోలు తీస్తానని ముందుకు నడిచారు. నేను ఆ పెద్దావిడతో కలిసి ఉడకబెట్టిన పల్లీలు కొనుక్కుని, మెల్లగా పైకెక్కి టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. అరగంటకు అందరూ వచ్చారు. ఆయన రాలేదు. అప్పుడే కొండ మీంచి మంచు దిగింది. పది అడుగుల అవతల చెట్టుందో లేదో తెలియడం లేదు.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఎనిమిదోసారి కూడా మోగి మోగి ఆగిపోయింది. తోట అంచుకు వెళ్లి పిలిచాను. నలభై మంది పిల్లల గోలను ఒక్క కేకతో ఆపే గొంతు నాది. "ఏమండీ! ఏడున్నరు?" అని అరిస్తే తోటలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన పలకలేదు. తోటకు అవతల లోయ ఉందని పొద్దున డ్రైవర్ చెప్పిన మాట గుర్తొచ్చి ఇంకా గట్టిగా అరిచాను.

"టైమ్ ఆచ్చు అమ్మా, అయిపోయింది" అని డ్రైవర్ గడియారం చూపించాడు. వ్యాన్‌లో ఎవరో విసుక్కున్నారు. గడియారాల పెద్దాయన కిందికి దిగి, "జరా ఠైరో భాయ్, మనిషి కనబడ్తలేడు" అని డ్రైవర్‌ను ఆగమని గదిమి, నా దగ్గరికి వచ్చారు.

"బేటీ, నువ్వు ఎంత ఒర్లినా ఫాయిదా లేదు. ఆయనకు ఇనవడది."

"దూరం పోయిన్రంటరా?" అన్నాను.

"దూరం గాదు. ఆయనకు చెవులు ఇనవడవు. పొద్దున్నుంచి పక్కన కూసున్న గదా. నేను ఒకటడిగితే ఇంకోటి చెప్తుండు. మాట్లాడితే నా మూతి దిక్కే చూస్తుండు. నేను గూడ ఐదేండ్లు గట్లనే దాచిపెట్టిన. నాకు తెల్వదా?" అన్నారు తన చెవి మీద చెయ్యి పెట్టుకుని. "డ్రైవర్ చెప్పింది ఇనలేదు. మనల దింపిన కాడనే నిలవడి ఉంటడు. ఫికర్ చెయ్యకు, పో."

కిందికి పరుగెత్తాను. పైన్ ఆకులు జారుతున్నాయి, రెండుసార్లు పడబోయాను. తోట కింది గేటు దగ్గర, మమ్మల్ని దింపిన చోటే, మా ఆయన నిలబడి ఉన్నారు. చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుని, వచ్చే ప్రతి వ్యాన్ నంబరూ చూస్తున్నారు. ఆయన వెనకగా వెళ్లి మామూలు గొంతుతో పిలిచాను. కదల్లేదు. ఇంకో అడుగు వేసి మళ్లీ పిలిచాను. కదల్లేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి తిరిగారు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎక్కడికెళ్లావు? వ్యాన్ వెళ్లిపోయిందా? నువ్వు కూడా వెళ్లిపోయావనుకున్నాను" అన్నారు.

అందరూ చూస్తున్నా సరే, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని పైదాకా నడిపించుకొచ్చాను.

మధ్యాహ్నం చెరువు దగ్గర దిగాక ఇద్దరికి సరిపోయే తొక్కుడు పడవ తీసుకున్నాం. నడి చెరువులోకి వెళ్లాక తొక్కడం ఆపి, ఆయన వైపు తిరిగి, పెదవులు కనబడేలా అడిగాను.

"ఎప్పటి సంది ఇనవడ్తలేదు?"

"రెండేళ్లు దాటింది. ముందు ఎడమ చెవి. తర్వాత రెండోదీ తగ్గింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"స్టెనోకి చెవులు పనిచేయవంటే ఇంకేం మిగులుతుంది? నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది." ఆఫీసులో అధికారి పెదవులు చూసి, అర్థంకానిది ఊహించి రాసుకుని, అందరూ వెళ్లాక పాత ఫైళ్లు తిరగేసి తప్పులు దిద్దుకునేవారట. ఆలస్యం అందుకట. "రోజూ ఇవాళ దొరికిపోతాననే భయం" అన్నారు.

"నా దోస్తు చనిపోయిందని చెప్తే, ఆదివారం చూద్దామన్నరు మీరు."

ఆయన నా పెదవుల వైపు వంగారు. "ఎవరు చనిపోయారు?" అన్నారు.

చెప్పాను. ఆమె పేరు, ఆ రోజు సంగతి, పోపు మాడిన సంగతి, అన్నీ చెప్పాను. "నువ్వు సినిమాకు వెళ్దామంటున్నావనుకున్నాను" అని చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తుంటేనే లోపల ఎంత హాయిగా ఉందో! ఆయనకు నా మీద మనసు విరగలేదు. నా మాట చేరలేదు, అంతే. చెవులకైతే డాక్టర్లున్నారు. విరిగిన మనసునైతే ఎక్కడికి తీసుకెళ్లేదాన్ని?

ఒడ్డు మీద విజిల్ ఊదారు. "టైమ్ అయిపోయిందంటున్నరు, తొక్కండి" అన్నాను. "విజిల్ కూడా వేశారా?" అని ఆయన నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో.

హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు మలక్‌పేటలో చెవుల డాక్టర్‌కు చూపించాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. బయట నేను చీర కొంగు మెలితిప్పుతూనే ఉన్నాను. నరం కొంచెం బలహీనపడిందనీ, పూర్తిగా పోయేది కాదనీ, రెండు చెవులకూ మిషన్ పెట్టుకుంటే ఉద్యోగానికి ఏ ఇబ్బందీ ఉండదనీ డాక్టర్ చెప్పారు. ఆయన ఒకటికి రెండుసార్లు అడిగి, కాగితం మీద రాయించుకుని మరీ లేచారు.

మిషన్లు చేతికొచ్చాక, జూన్ నెలలో మా స్కూలు తెరిచిన వారంలో, ఆఫీసులో తనే చెప్తానని వెళ్లారు. ఆ రోజు స్కూల్లో నేను ఎక్కాలు తప్పు చెబితే పిల్లలే దిద్దారు. సాయంత్రం ఐదున్నరకే ఆయన ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూనే, "మా సార్ ఏమన్నారో తెలుసా? 'నేను గొణుగుతానని మా ఇంట్లో కూడా అంటారయ్యా, ముందే చెప్తే గట్టిగా చెప్పేవాణ్ని కదా' అన్నారు" అన్నారు.

"అంతేనా?"

"అంతే."

ఇద్దరం గడపలోనే కూర్చుండిపోయాం. కాసేపటికి ఆయన ఆకలేస్తోందన్నారు. ఉదయం మిగిలిన పిండితో దోశలు పోశాను. రోజూ రెండు తినే మనిషి ఆ రోజు ఐదు తిన్నారు.