అవ్వ చెయ్యి పట్టుకుని లొద్దిలోకి

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే ఇప్పుడు రోడ్డు పక్కన, ఫాంహౌసుల బోర్డుల కింద, నలుగురైదుగురు ఆడవాళ్లు పొయ్యిలు పెట్టుకుని జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు. శని, ఆదివారాలు పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఆగి, రొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టించుకుని, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ మరో చేత్తో ఫోటోలు తీసుకుంటారు. నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి బస్సులో ఇంటికి పోతుంటే, పెనం మీద పిండి కొంచెం మాడిన ఆ వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. అందరికీ అది ఆకలి పుట్టించే వాసన. నాకు మాత్రం ఈస్టర్ మర్నాటి తెల్లవారుజాము గుర్తొస్తుంది, పదకొండేళ్ల వయసులో నేను చేసిన ఒక పాడుపని గుర్తొస్తుంది.

మా ఊరు చేవెళ్లకు నాలుగు మైళ్లు. ఊళ్లో మా కిరస్తానీ ఇళ్లు ఇరవై దాకా ఉండేవి. ఈస్టర్ ఆదివారం చర్చి, కొత్తబట్టలు, బగారా అన్నం, మటన్ కూర అన్నీ మామూలే, కానీ పిల్లలం ఎదురుచూసేది ఆ మర్నాటి సోమవారం కోసం. ఆ రోజు అందరం కలిసి లొద్దికి పోయేవాళ్లం. లొద్ది అంటే వికారాబాద్ అవతలి గుట్టల్లో, రెండు కొండల మధ్య గొడ్డలితో చీల్చినట్టు లోతుగా దిగిన ఇరుకుదారి. దాని చివర నడి ఎండాకాలంలో కూడా ఎండని గుండం ఉంటుంది. మా ఊళ్లో చర్చి లేని రోజుల్లో మావాళ్లు బాప్తిస్మం తీసుకున్నది ఆ గుండంలోనే. అందుకని ఏటా ఒకసారి పోయి ఆ నీళ్లు చూసి, బయటికొచ్చి పాటలు పాడుకుని, సద్ది తిని, పొద్దుగూకే లోపల ఇల్లు చేరేవాళ్లు.

తెల్లవారుజామున కోడి కూయకముందే అమ్మ పొయ్యి అంటించేది. అవ్వ, అంటే మా నాన్న, మేం బాపు అని పిలిచే ఆయన తల్లి, పీట మీద కూర్చుని వేడినీళ్లతో పిండి పిసికి, రెండు అరచేతుల మధ్య రొట్టె తట్టి ఇస్తుంటే అమ్మ పెనం మీద వేసి తడిగుడ్డతో అద్దేది. ఉడకబెట్టిన కోడిగుడ్లు, రోట్లో నూరిన ఎల్లిపాయ కారం, ఉప్పు అద్దిన పచ్చిమామిడి ముక్కలు, ముందురోజు మిగిలిన మటన్ ముక్కలు ఉల్లిగడ్డలో పొడిగా వేయించినవి, అన్నీ పాత ధోవతి గుడ్డలో మూటలయ్యేవి. ఆ రోజు ఎవరూ వాసన నూనె పెట్టుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, పౌడరు రాసుకోకూడదు. లొద్దిలో పైన బండలకు పెద్ద పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటాయి, వాసనకూ చప్పుడుకూ ఈగలు లేస్తాయి. కొత్తగా పెళ్లయి వచ్చిన మా చిన్నమ్మ తెలియక పౌడరు రాసుకుని తయారైతే, బాపు ఆమెను బోరింగు దగ్గరికి పంపి ముఖం కడిగించాడు. పాపం, ఆమె చేవెళ్ల దాటేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

ఇసుక లారీలో వరిగడ్డి పరిచి మమ్మల్ని కుక్కేవాళ్లు. ముసలివాళ్లు క్యాబిన్ వెనక గాలి తగలని చోట, మగవాళ్లు అంచుల మీద, పిల్లలం ఎక్కడ సందు దొరికితే అక్కడ. చేవెళ్ల అంగడి దాటాక రోడ్డుకు రెండు వైపులా ఎర్రమట్టి చెలకలు, కోసేసిన జొన్న మొదళ్లు, అక్కడక్కడా మోదుగ పూలు, లారీ గతుకుల్లో పడ్డప్పుడల్లా మా అందరి నోట ఒకేసారి వచ్చే కేక, అంచున నిలబడ్డ మామల జోకులు. అంత సంతోషం నాకు మళ్లీ ఏ ప్రయాణంలోనూ దొరకలేదు, కార్లలో కూడా.

ఆ ఏడాది అవ్వకు చూపు పూర్తిగా పోయింది. పట్నంలో పెద్ద దవాఖానలో చూపిస్తే కంటినరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా రాదన్నారు. అవ్వ దానికి ఏడ్వలేదు. చెప్పుల చప్పుడును బట్టి మనుషుల్ని పేరు పెట్టి పిలిచేది, బియ్యంలో రాళ్లు మాకంటే బాగా ఏరేది. ఆమె అడిగింది ఒక్కటే, లొద్దికి తీసుకుపొమ్మని. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె, వాళ్ల అమ్మ మార్తమ్మ ఒకే రోజు ఆ గుండంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వానాకాలమే గత్తర, అంటే కలరా, వచ్చి మార్తమ్మ పోయింది. ఊరంతా పీనుగులే కాబట్టి ఎవరో ఎక్కడో చెలకలో పాతిపెట్టారు, తర్వాత ఆ చోటు దున్నకంలో కలిసిపోయింది. రాళ్లు కొట్టే పని చేసే అవ్వ తండ్రి లొద్దికి పోయి, భార్య నీళ్లలోంచి ఎక్కి నిలబడ్డ బండ మీద జానెడు శిలువ చెక్కి వచ్చాడు.

అవ్వ రొట్టెలు తడుతూ ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "నీళ్లలకెళ్లి ఎక్కినంక మా అమ్మ సలికి గజగజ వణుక్కుంట నన్ను కొంగుల సుట్టుకున్నది బిడ్డా. మొఖం గూడ యాదికి లేదు నాకు. సమాధి లేదు, ఫోటువ లేదు. గా శిలువ మీద చెయ్యి పెడితేనే మా అమ్మ ఉండె అనిపిస్తది."

అవ్వను నడిపించే పని నాకు అప్పగించారు. లొద్ది మొదట్లోనే అందరి నోళ్లూ మూతపడాలి, గుండం దగ్గర కూడా ప్రార్థన పెదవులతోనే, మళ్లీ బయటికొచ్చాకే మాట. కాబట్టి లారీ దిగగానే అవ్వ, నేను ఒక ఒప్పందం చేసుకున్నాం. చెయ్యి ఒకసారి నొక్కితే ముందు రాయి ఉంది, రెండుసార్లు నొక్కితే తల వంచాలి, మూడుసార్లు నొక్కితే గుండం వచ్చింది.

లోపలికి పోయినకొద్దీ కొండలు దగ్గరికి జరుగుతాయి. పైన ఆకాశం పాపిటంత సన్నగా కనిపిస్తుంది. చల్లగా, తడి రాతి వాసన, పాచి వాసన, ఎక్కడో కనిపించకుండా బొట్టుబొట్టుగా రాలే నీటి చప్పుడు. తల ఎత్తితే నల్లటి చేటల్లా తేనెతుట్టెలు, వాటి మీద ఈగలు అలలుగా కదులుతుంటే నాకు వెన్నులో జలదరించేది. ముప్ఫై మందిమి ఒకరి వెనక ఒకరం, పసిపిల్లల నోటికి పాలపీకలు పెట్టి, దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుని నడిచాం. అవ్వ, నేను అందరికంటే చివర. ఆమె ప్రతి రాయినీ పాదంతో తడిమి, దానితో మాట్లాడుతున్నట్టు కాసేపు నిలబడి, అప్పుడు అడుగు వేసేది. ముందున్నవాళ్లు చూస్తుండగానే మలుపు తిరిగి మాయమయ్యారు.

నా ఈడు పిల్లలంతా ఈపాటికి గుండంలో దిగి ఉంటారు. నీళ్ల అడుగున పాలరాళ్లు దొరుకుతాయి, ఎవరికి పెద్దది దొరికితే వాళ్లు ఆ ఏడంతా మా గుంపుకు రాణి. అంతకుముందు ఏడు నాకు జ్వరం. ఈ ఏడు అవ్వ. పెద్దవాళ్లు అక్కడ ఎక్కువసేపు ఉండరు. ఆఖరి మలుపుకు ముందు కుడివైపు చిన్న చెలిమ ఉంది, మోకాలి లోతు నీళ్లు, పక్కన నున్నటి బండ. అక్కడి నుంచి గుండానికి ఇంకా అయిదారు పెద్ద బండలు ఎక్కి దిగాలి. అవ్వతో అయితే పావుగంట. నేను ఆ చెలిమ దగ్గర ఆగి, అవ్వ చెయ్యి మూడుసార్లు నొక్కాను.

శిలువ సంగతి గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. పోయి ఒక్క మునక వేసి వచ్చేస్తాను, ఈలోపల అవ్వ ముఖం కడుక్కుని కూర్చుంటుంది, తర్వాత అసలు గుండానికి తీసుకుపోతాను అనుకున్నాను. అవ్వను బండ మీద కూర్చోబెట్టి, భుజం తట్టి, పరుగెత్తాను.

గుండంలో ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. నాకు దొరికిన పాలరాయి అందరికంటే పెద్దదే. తల తుడుచుకునేసరికి బాపు చేయి ఊపి వెనక్కి పదమని సైగ చేస్తున్నాడు. అందరికంటే ముందు ఉరికి చెలిమ దగ్గరికి వచ్చాను. అవ్వ మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో ఆ బండను తడుముతోంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్లీ అక్కడి నుంచి ఇక్కడికి, వేళ్లు విడదీసి, బియ్యంలో రాళ్లు వెతికినట్టే ఓపికగా తడుముతోంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. వెనక వచ్చిన అమ్మ, ఇక్కడెందుకు ఆగిందని కళ్లతో అడిగింది. నేను నా మోకాళ్లు పట్టుకుని చూపించి, అవ్వకు నొప్పులని సైగ చేశాను. అమ్మ తల ఊపి అవ్వను లేవదీసింది.

బయటికొచ్చాక అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, చింతచెట్ల కింద మూటలు విప్పారు, పాటలు మొదలయ్యాయి. నేను తిట్లకోసం కాచుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వ రొట్టె తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేదు. నా వైపు వంగింది.

"నీళ్లు పారి పారి అరిగిపాయె బిడ్డా. ఇంత గుర్తు గూడ లేదు, అంత సాఫ్ అయిపాయె."

నాకు మొదట అర్థం కాలేదు. తను తడిమిన చెలిమ బండనే గుండం బండ అనుకుందని అర్థమయ్యాక, చేతిలో రొట్టె మూటలో పెట్టేశాను.

"మీ బాపుతోని అనకు. ఉత్తగ మనసు ఖరాబు చేస్కుంటడు," అంది అవ్వ, కొంగుతో ముక్కు తుడుచుకుని.

లారీ ఎక్కేటప్పుడు బాపు నన్ను పక్కకు పిలిచాడు. "అవ్వ ముందట గుండం ముచ్చట తియ్యకు బిడ్డా. అంతదూరం పోయి నడిమిట్లనే ఆగిపోయిన్నని బాధల ఉన్నట్టున్నది."

కొడుక్కు తెలిస్తే బాధపడతాడని తల్లి, తల్లి నొచ్చుకుంటుందని కొడుకు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నా దొంగతనం ఆ పూటే బయటపడేది, అంతా బాగుపడేది. వాళ్ల మంచితనం చాటున నేను హాయిగా దాక్కున్నాను.

మరుసటి ఏడు ఈస్టర్‌కు బాపు, "అమ్మా, నువ్వేం ఫికర్ చెయ్యకు, నేను ఈపు మీద ఎత్తుకొని తీస్కపోత," అన్నాడు.

"ఎందుకు కొడుకా, ఆడ నాకేమున్నదని," అంది అవ్వ, పిండి పిసుకుతూనే. ఆ రొట్టెలు మాకోసమే తట్టింది, తను రాలేదు. నేను గడప మీద నిలబడి విన్నాను. శిలువ అక్కడే ఉందవ్వా అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. ఆ వానాకాలంలో అవ్వ పోయింది. పోయే ముందు రెండు రోజులు వాళ్ల అమ్మ ముఖం ఎట్లుండేదో చెప్పమని మా అందర్నీ అడిగింది.

పోయిన ఎండాకాలం మా స్కూల్లో తోటి టీచరు వాళ్ల అమ్మాయి శ్రావ్య ట్రెక్కింగ్‌కు రమ్మని పిలిచింది. పట్నం నుంచి పాతికమంది, అంతా ఉద్యోగాలు చేసే పిల్లలు. వాళ్లు చెప్పిన గుట్టల పేరు విని ఒప్పుకున్నాను. ఇప్పుడు మావాళ్లెవరూ లొద్దికి పోవడం లేదు. చర్చి ఆవరణలోనే బాప్తిస్మానికి తొట్టి కట్టించారు. దారి తెలిసిన పెద్దవాళ్లు పోయారు, లారీలు తోలిన మామల చెలకలు అమ్ముడై ప్రహరీగోడలు లేచాయి. లొద్ది మొదట్లో అలవాటుగా నా నోరు మూతపడింది. మమ్మల్ని నడిపిస్తున్న అతను నవ్వాడు. "తేనెతుట్టెలు ఎప్పుడో పోయినయి మేడం, గట్టిగనే మాట్లాడుకోండ్రి." పిల్లలు పాటలు పెట్టారు. పైన బండల మీద తుట్టెలున్న చోట నల్లటి మరకలు మాత్రం ఉన్నాయి, కింద రాళ్ల సందుల్లో చిప్స్ ప్యాకెట్లు ఉన్నాయి.

గుండం దగ్గర ఆ బండ కోసం వెతకాల్సిన పని పడలేదు. కొంచెం పాచి పట్టింది. గోటితో గీకితే శిలువ బయటపడింది. చూపుడువేలు పెడితే గోరు మునిగేంత లోతుంది ఇంకా. అంచులు నిన్న మొన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

శ్రావ్య కంగారుపడి వచ్చి పక్కన కూర్చుంది. అమ్మకు చెప్పలేదు, బాపుకు చెప్పలేదు, నా భర్తకు చెప్పలేదు. ఆ పిల్లకు మొత్తం చెప్పేశాను. పాటలు ఆపించి, నా వీపు నిమురుతూ విన్నది.

"అయ్యో ఆంటీ, చిన్నపిల్ల కదా మీరప్పుడు! చెప్పేస్తే మాత్రం ఆమె ఏమంటుండె?"

ఏమనేదో నాకు తెలుసు. "దొంగదానా" అని నెత్తిన ఒక్కటి మొట్టి, పకపకా నవ్వి, మరుసటి ఏడు మళ్లీ నా చెయ్యే పట్టుకుని వచ్చేది. అంతకుమించి ఏమీ లేదు. ఆ ఒక్క మొట్టికాయకు భయపడి, అవ్వకు వాళ్ల అమ్మను లేకుండా చేశాను.