బెడోక్ గోదాలో అమెరికా వస్తాదు జోళ్ళు

ముందుగా నా చేతిరాతకీ అక్షరదోషాలకీ మన్నించాలి. మా పల్లె బడిలో అయిదో తరగతితో నా చదువు ఆగింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. కాగితం మీద రాసి ఇస్తే మా అమ్మాయి ఉమ టైపు చేసి తన ప్రయాణాల బ్లాగులో పెడతానంది. తప్పులు దిద్దమంటే, "నీ రాత నీలాగే ఉండనీ నాన్నా" అంది. మాట్లాడడం నాకు మొదటినుంచీ తక్కువ, రాయడం ఇంకా తక్కువ. అయినా మొన్న శనివారం నేను చూసింది, చేసింది రాయకుండా ఉండలేకపోతున్నాను. సింగపూరులో కుస్తీ పోటీలు చూడాలనుకునే వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని కూడా రాస్తున్నాను.

మాది విజయనగరం దగ్గర పల్లె. కుర్రతనంలో కుస్తీ పట్టినవాణ్ణి. మా ఊరి గోదాలో మట్టి జల్లించి, నూనె, పసుపు కలిపి మెత్తగా ఉంచేవాళ్ళం. దిగేముందు ఆ మట్టి కళ్ళకద్దుకునేవాళ్ళం. చెప్పులు వీధిలోనే విడవాలి. ఒకసారి ఒక పెద్దమనిషి చెప్పులతో గోదా గట్టు మీదికెక్కితే మా వస్తాదు ఆయన్ని అందరిముందూ దింపేశాడు. ఇప్పుడు నెల రోజులు ఉందామని సింగపూరులో ఆంగ్ మో కియో అనే పేటలో అమ్మాయి ఫ్లాటుకి వచ్చాను. ఒకరోజు మా అల్లుడు ఫోనులో ఒక అమెరికా మనిషి కుస్తీ చూపించాడు. వంగి, ఎదుటివాడి కాలు రెండు చేతులా పట్టి, తలతో డొక్కలో నెట్టి పడగొట్టాడు. ఆ పట్టు మా వస్తాదు నాకు నేర్పిందే. "ఈయన ఈ శనివారం ఇక్కడికే వస్తున్నాడు మావయ్యా, బెడోక్‌లో ఫ్రీస్టైల్ పోటీలు" అన్నాడు అల్లుడు. ఫ్రీస్టైల్ అనేసరికి నా మనసు చివుక్కుమంది. మావైపు ఆ పేరుతో డేరా వేసి, టిక్కెట్టు పెట్టి, కుర్చీలతో కొట్టుకుని, రంగునీళ్ళు పూసుకుని రక్తమనేవారు. ఇంత పట్టు తెలిసినవాడు ఆ నాటకాల్లో చేరాడా అని బాధేసి, చూసిగాని నమ్మకూడదని బయలుదేరాను.

అల్లుడికి ఆరోజు షిప్‌యార్డులో డ్యూటీ. అందుకని కింది అంతస్తులో ఉండే సింహాచలం తోడొచ్చాడు. ఆయన మలేసియాలో పుట్టిన తెలుగువాడు. తాతల నాడు ఇచ్ఛాపురం వైపునుంచి రబ్బరు తోటల్లోకి వెళ్ళారట. ఇక్కడ బస్సు నడిపి రిటైరయ్యాడు. మా ఇద్దరి మాట ఒకటే యాస, కాకపోతే ఆయన మధ్యమధ్య మలయ్, అరవం, ఇంగ్లీషు కలుపుతాడు. ఉదయం ఎనిమిదిన్నరకి ఆంగ్ మో కియోలో ఎర్ర లైను రైలెక్కి, సిటీ హాల్లో దిగి, పచ్చ లైనుకి మారాలి. బెడోక్‌కి గంటలోపే చేరిపోతాం. మనిషికి రెండు డాలర్లు దాటదు, స్టేషన్ గేటుకి బ్యాంకు కార్డు తగిలిస్తే చాలు. రైలంతా నిశ్శబ్దం. సింహాచలం ఒక్కడే గట్టిగా మాట్లాడుతుంటే నాకు సిగ్గేసింది.

ఆయన ఫోనులో చదివి ఆ అమెరికా వస్తాదు కథ నాకు చెప్పాడు. (పేరు రాయవచ్చునా అని ఆయన్ని నేను అడగలేదు. కాబట్టి రాయను.) పాడి ఆవులున్న ఇంట్లో పుట్టాడు. ఊరి బడిలో కుస్తీ నేర్చి, దాని మీదే కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. కాలేజీ కుస్తీల్లో అమెరికా అంతటికీ మొదటివాడయ్యాడు. ఆ తర్వాత దేశం తరఫున ఫ్రీస్టైల్‌కి వచ్చేసరికి వరసగా ఓటములు.

"ఎందుకట?" అన్నాను.

"ఆల కాలేజీ కుస్తీ ఏరంట అన్నా. అందులో వీపు నేలకి తిరిగినా పర్లేదు, అదిమి పట్టుంచితేనే లెక్క. ఫ్రీస్టైల్లో అలక్కాదు. రెప్పపాటు తిరిగినా అవతలోడికి రెండు పాయింట్లు. ఈయనకి చిన్నప్పటినుంచి దొర్లి తప్పించుకోడం అలవాటు. ఆ అలవాటే కొంప ముంచీసింది."

దాన్ని మానుకోవడానికే ఏళ్ళు పట్టిందట. మానుకున్నాక దేశం జట్టులో చోటొచ్చింది. అప్పటికి మోకాలు పోయింది. ఇప్పుడు ముప్పై దాటి చాలా కాలమైంది. పేరొచ్చిన పోటీలకి పిలవడం తగ్గి, ఇలా సింగపూరు వంటి చోట్లకి వస్తున్నాడు.

బెడోక్‌లో దిగాక స్టేషన్ పక్కనే హాకర్ సెంటర్. ఇక్కడి హోటళ్ళ సంత అనుకోండి, కొట్టుకొక వంట. సింహాచలం ముందు ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టాడు. ఆ చోటు మనదన్న గుర్తట, దాన్ని చోప్ చేయడం అంటారు. చేపల పులుసు అన్నం ఆరు డాలర్లలోపే వచ్చింది. వడ్డించిన తమిళావిడ నా చెవి వంక చూసి, "ఎన్న తాత్తా, కాదుకు ఎన్న ఆచ్చు?" అంది, చెవికేమైందని. నా ఎడమ చెవి కుస్తీలో నలిగి ముద్దలా ముడుచుకుపోయి ఉంటుంది. "పెళ్ళాం పిండిందిలే" అన్నాడు సింహాచలం అరవంలో. ఆవిడ నవ్వి ఇంకో ముక్క వేసింది. నేను తల దించుకు తిన్నాను.

అక్కడినుంచి పోటీలు జరిగే హాలుకి పది నిమిషాల నడక. టిక్కెట్టు లేదు. ఏసీ చలి మాత్రం ఎముకలు కొరికేసింది. లోపల కుర్చీలతో కొట్టుకోవడం లేదు, రంగునీళ్ళు లేవు. మెత్తటి చాప, దాని మీద గుండ్రటి గీత, తెల్ల చొక్కా రిఫరీ. ఇద్దరు మనుషులు ఒట్టి చేతులతో, మాట లేకుండా కుస్తీ పడుతున్నారు. చిన్నప్పటినుంచి నేను ఫ్రీస్టైల్ అని తిట్టిందీ, ఇదీ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. ఒకటే గుచ్చుకుంది, అందరి కాళ్ళకీ జోళ్ళున్నాయి. "ఆల పద్ధతి అన్నా, చాపకోసం ఏరే జోళ్ళు" అన్నాడు సింహాచలం. సరే అనుకున్నాను కానీ చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరించింది.

అమెరికా వస్తాదు మొదటి రెండు కుస్తీలూ నెగ్గాడు. మధ్యాహ్నం సెమీఫైనల్‌లో ఒక కజకిస్తాన్ కుర్రవాడు ఎదురొచ్చాడు. ఇందులో గెలిస్తే ఫైనల్, ఓడితే సాయంత్రం మూడో స్థానానికి పోటీ. చివరి నిమిషందాకా ఈయనదే పైచేయి. ఇంకో పది క్షణాలుంటాయేమో, కుర్రవాడు ఈయన కాలు దొరకబుచ్చుకుని లేవనెత్తాడు. వస్తాదు చిన్నప్పటిలాగే, తనకి తెలియకుండానే, వీపు మీద దొర్లాడు. తప్పించుకున్నాడు. కానీ వీపు నేలకి తగిలింది.

"చిత్తు!" అని అరిచేశాను. నేనే అరిచానని తర్వాత తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. మా లెక్కలో వీపు తగిలితే కుస్తీ అయిపోయినట్టే. ఇక్కడ ఆపలేదు, పాయింట్లు మాత్రం వేశారు. గంట మోగేసరికి ఆ పాయింట్లతోనే ఆయన ఓడిపోయాడు.

కుర్రవాడి చెయ్యి ఎత్తారు. వస్తాదు వెళ్ళలేదు. చాప మధ్యలో కూర్చున్నాడు. జోళ్ళ తాళ్ళు విప్పాడు, రెండూ పక్కపక్కన పెట్టాడు, లేచి వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఓడినవాడికి చప్పట్లేమిటో నాకు బోధపడలేదు. నా కళ్ళు ఆ జోళ్ళ మీదే ఉన్నాయి. గోదా నడిమధ్యన జోళ్ళు!

"ఇదేటి సింహాచలం, అలగొగ్గీసి ఎలిపోనాడు?"

"చోప్ చేసినాడేమోలే అన్నా, మళ్ళీ వచ్చి కూసుంటాడు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఓడిన దుఃఖంలో మరిచిపోయాడనుకున్నాను. ఎవరూ తీయడం లేదు. రిఫరీ కూడా వాటికి దూరంగా నిలబడ్డాడు. ఎప్పుడు లేచానో తెలియదు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చాపకి దండం పెట్టి, నడిచి వెళ్ళి ఆ జోళ్ళు తీశాను. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఎవరో ఆడమనిషి "అయ్యో నో" అన్నట్టు వినబడింది. ముసలివాడు దిగాడని జాలిపడుతున్నారనుకున్నాను. జోళ్ళు నా భుజం మీది తువ్వాలులో పెట్టుకుని ఆయన వెళ్ళిన దారినే వెళ్ళాను. వెనకనుంచి సింహాచలం, "అన్నా! ఏయ్ అన్నా! ఆగు!" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

నడవాలో వస్తాదు మెట్టు మీద, నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన కోచ్. జోళ్ళు చూసి కోచ్ ముఖం పాలిపోయింది. నేను వాటిని వస్తాదు ముందు చాపి, నాకొచ్చిన మాట ఒకటే అన్నాను: "వదలకూడదు బాబూ."

రొప్పుతూ వచ్చిన సింహాచలం ఇక్కడివాళ్ళ యాస ఇంగ్లీషులో చెప్పాడు: "అంకుల్ సే, కెనాట్ లీవ్ లా."

వస్తాదు తువ్వాలు తీసి నా వంక చూశాడు. ఆ చూపు చెప్పడం నాకు చేతకాదు. చెంప మీద కొడితే చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన కళ్ళు నా చెవి మీదికి వెళ్ళాయి. తన చెవి చూపించాడు. అచ్చం నాదిలాగే, ముద్ద. ఏదో అడిగాడు.

"నువ్వెప్పుడు మానీసినావని అడుగుతన్నాడు" అన్నాడు సింహాచలం.

"నాను మానలేదు. మా ఊళ్ళో పందేలెట్టడమే మానీసినారు. పిలుస్తారని శానా ఏళ్ళు సూసినాను."

సింహాచలం చెప్పాడు. కోచ్ ఏదో కోపంగా గొణిగితే వస్తాదు చెయ్యెత్తి ఆపాడు. నా చేతిలోంచి జోళ్ళు తీసుకుని తొడుక్కుని తాళ్ళు బిగించాడు. నేను సంతోషించాను. ఎవరి వస్తువు వాళ్ళకి చేరిందనుకున్నాను.

అయిదు గంటలకి మూడో స్థానం కుస్తీ. ఆయన చాప మీదికి వస్తుంటే జనం నోళ్ళు తెరిచారు. కొందరు లేచి నిలబడ్డారు. నాకెందుకో అర్థం కాలేదు. ఎదుటివాడు కాలు పట్టి ఎత్తినప్పుడు, ఈసారి ఆయన దొర్లలేదు. బోర్లా పడి, నేలని కరుచుకుని, మోకాలు మెలిపడుతున్నా అలాగే ఉండిపోయాడు. ఆ నొప్పి నా ఒంట్లో కలిగింది. ఒక్క పాయింటు తేడాతో నెగ్గాడు. కోచ్ భుజం ఆసరాతో కుంటుకుంటూ దిగాడు. వెళుతూ వెళుతూ నాకోసం వెతికి చెయ్యి ఊపాడు. సిగ్గేసి సింహాచలం వెనక్కి వెళ్ళాను.

తిరుగుప్రయాణంలో సిటీ హాల్లో రైలు మారాక సింహాచలం నా పక్కన కూర్చుని చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నీకో మాట సెప్పాల. కోపం తెచ్చుకోకు. ఆ కోచ్ నన్ను పట్టుకుని దులిపీసినాడు. అమెరికాలో కుస్తీ మానీసినోడు ఆకరి కుస్తీ అయినాక జోళ్ళు గోదా మజ్జిన వదిలీసి ఎలిపోతాడట. సన్నాసం పుచ్చుకున్నట్టన్నమాట. ఆటిని ఎవలూ ముట్టుకోరట. డాక్టరు మోకాలు ఆగదన్నాడట. పెళ్ళానికి ఇదే ఆకరని మాటిచ్చి వచ్చినాడట. సాయంత్రం కుస్తీ కూడా వద్దనీసుకున్నాడట."

"మరి నాను జోళ్ళు గోదాలో వదలకూడదన్నాను కదా?"

"నువ్వు జోళ్ళు అన్లేదు అన్నా. వదలకూడదన్నావు, అంతే. నాను కెనాట్ లీవ్ అనీసినాను. ఆయనకి కుస్తీ వదలకూడదని ఇనబడింది. ఇంకో ఏడాది పడతాను, ఇంటికి ఫోన్ చేసి సెప్పీసినానని కోచ్‌తో అన్నాడట."

ఆంగ్ మో కియో వచ్చిందని కూడా చూసుకోలేదు. సింహాచలం చెయ్యి పట్టుకుని దింపాడు. ఇంటికొచ్చి అమ్మాయికి చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది, అల్లుడు సోఫాలోంచి లేచాడు.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. వదలకూడదన్న మాట పొరపాటున ఆయనకి తగిలింది. నేను అన్నది జోళ్ళ గురించి, గోదా శుభ్రం గురించి. అది ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత చెప్పిన మాట, నేను మానలేదు, పిలవడమే మానేశారు అన్నది, అందులో పొరపాటు లేదు. సింహాచలం దాన్ని సరిగ్గానే చెప్పాడట. ఇన్నేళ్ళలో ఆ మాట మా ఇంట్లో కూడా ఎవరితోనూ అనలేదు. ఈ రెండింట్లో ఏ మాట విని ఆయన జోళ్ళు తొడుక్కున్నాడో నాకు తెలియదు. ఆ మోకాలికి ఏమైనా అయితే ఏ మాటకి నేను జవాబుదారీనో కూడా తెలియదు.

ఈ పోటీలకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. పరాయి దేశంలో ఎవరైనా ఏదైనా నేలమీద పెట్టి వెళితే, మరిచిపోయారనుకుని తీయకండి. అక్కడి పద్ధతి తెలిసినవాళ్ళని అడగండి. నాలాగ సిగ్గుపడి ఊరుకోకండి.

ఆయనకి నిజం రాసి పంపిస్తానంటోంది మా అమ్మాయి. వద్దు, ఆయన తన ఇష్టంతోనే తొడుక్కున్నాడంటున్నాడు అల్లుడు. మళ్ళీ కొత్త సంవత్సరం పోటీలు మొదలైతే చెప్పినా లాభం లేదు. చదివిన మీరు, మీకేమనిపిస్తే అది, చెప్పాలనో వద్దనో ఒక్క ముక్కైనా ఆలస్యం చేయకుండా రాయండి. ఉత్తరానికి ఎదురుచూసినట్టు చూస్తుంటాను.