గోడలు తట్టే అంకుల్

ఆక్లాండ్ శివారు టకానినిలో కొత్త ఇల్లు కొన్నాక మా పక్కింటి అంకుల్‌కి ఒక జబ్బు పట్టుకుంది. ఏ గోడ కనబడినా వేలి కణుపుతో తట్టి తీర్పు చెప్పేవాడు.

సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు, గోవాలో పోర్చుగీసువాళ్లు కట్టిన పాత చర్చికి కలిసే వెళ్లాం. బంగారు పూత పూసిన ఆ బరోక్ శైలి బలిపీఠాన్ని నేను తలెత్తి చూస్తున్నాను. ఆయన మాత్రం, మోకరిల్లి ప్రార్థిస్తున్న ఒక ముసలామె పక్కనే గోడని టకటకా తట్టాడు.

"చలి ఆపే ఇన్సులేషన్ లేదు, డ్యాంప్ పట్టేస్తుంది. మన ఆక్లాండ్‌లో అయితే ఎవడూ కొనడు."

వందల ఏళ్లుగా నిలబడ్డ గోడ ఈయన సర్టిఫికెట్ కోసమే కాచుకున్నట్టు!

తిరిగొచ్చాక ఆయన ఇంటికి భోజనానికి వెళ్లాను. హాల్లో గోడని సరదాగా తట్టబోతే పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడొద్దు బాబూ! డ్యాంప్ కనపడకుండా నిన్ననే పెయింట్ వేశా."