సంఘం దాచిన స్వరం

బడిలో పాటల టీచరంటే అందరికీ లోకువే. లెక్కల మాస్టారికి పాఠం మిగిలిపోతే ఆవిడ పీరియడ్‌కే ఎసరు పెట్టేవారు. అందుకే ఆ చుట్టుపక్కల బళ్ల సంగీతం టీచర్లు నెలకోసారి కలిసే సంఘమే ఆవిడకు పుట్టిల్లు. కష్టసుఖాలు చెప్పుకుని, చివర్లో అంతా కలిసి ఓ పాట పాడేవారు.

చెవులు మందగిస్తున్నాయేమోనని ఈమధ్య ఆవిడకు అనుమానం పట్టుకుంది. సంఘంలో పాడితే మాత్రం తన గొంతు అందరి గొంతులతో ఇట్టే కలిసిపోయేది. "నా చెవులకేం, నిక్షేపంగా ఉన్నాయి" అనుకునేది.

బడి వార్షికోత్సవానికి బయటినుంచి హార్మోనియం వాయించే ఆయన వచ్చాడు. పిల్లలు పాట ఎత్తుకోగానే గాంధార స్వరం దగ్గర వాళ్ల గొంతులు హార్మోనియంతో కలవక ఆయన ముఖం చిట్లించాడు. సభ ఘొల్లున నవ్వింది. "మీరు నేర్పినట్టే పాడాం టీచర్" అంటూ పిల్లలు ఏడ్చారు.

ఆవిడ తిన్నగా సంఘానికి వెళ్లి, "నా స్వరం తప్పని మీకెవరికీ తెలియలేదా?" అని నిలదీసింది.

కార్యదర్శి తల దించుకుంది. "నీ గాంధారం ఎప్పుడో కిందికి జారిందక్కా. నీ మనసు కష్టపెట్టలేక మేమూ నీతోపాటే దించి పాడాం."

"నన్ను కాపాడారు, సరే. ఆ అపస్వరం ఇప్పుడు నా పిల్లల గొంతుల్లో ఉందే! ఏదీ, ఇప్పుడైనా సరిగ్గా పాడండి."

పాడారు. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

ఆవిడ చెవికి అదే తప్పుగా వినిపించింది.