తెరుచుకోని తొట్టి: పలమనేరు నుంచి తిరుపతికి ఒక ఆవు ప్రయాణం

పలమనేరు వైపు నుంచి తిరుపతి పశువుల ఆసుపత్రికి ఆవునో ఎద్దునో బండిలో వేసుకుని పోవాల్సిన అవసరం ఎవరికైనా రావచ్చు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంతవరకు ఈ బ్లాగులో గుళ్ళూ జలపాతాలూ, ఏ ఊళ్ళో దోసె బాగుంటుంది, ఏ ఊళ్ళో సాంబారు నీళ్ళలా ఉంటుంది అన్న కబుర్లే రాశాను. ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. మా సరోజక్క ఆవు చుక్కకు ఈత కష్టమైంది. నుదుట తెల్ల మచ్చ ఉన్న ఎర్రటి జెర్సీ ఆవు అది. తల్లి పాలివ్వకపోతే అక్క సీసాతో పాలు పట్టి పెంచింది. అక్క గొంతు వినిపిస్తే చాలు, మేత వదిలేసి తల తిప్పి చూసేది. మొదటి రెండు ఈతలూ ఎవరికీ తెలియకుండానే అయిపోయాయి. మూడోసారి తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతున్నా దూడ రాలేదు.

నేను పలమనేరులో టీచర్ని. అక్క ఫోను చేయగానే బడికి సెలవు చెప్పి, వాళ్ళ పల్లెకు వెళ్ళేసరికి పశువుల డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి చూస్తున్నాడు. దూడ అడ్డం తిరిగిందన్నాడు. “నా చేత కావడం లేదమ్మా. కోసి తీయాల్సిందే. తిరుపతికి తీసకపోండి, ఎంత బిరీన పోతే అంత మంచిది. ఇప్పుడైతే నిలబడుకోనుండాది. పడుకునేసిందంటే కష్టం” అన్నాడు. అక్క ఆవు మెడ మీద చెయ్యి తీయకుండా మా బావ వైపు చూసింది. బండి ఉంది కదా అన్న ధైర్యం ఆ చూపులో కనబడింది. నాకూ అదే ధైర్యం.

ఆ బండి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా బావ మునిరత్నం రెండు నెలల కిందటే కొత్త పికప్ కొన్నాడు. చిత్తూరులో షోరూముకు నన్నూ తీసుకుపోయాడు, కాగితాలు చదివిపెట్టడానికి. కాగితాల కంటే నాకు దాని వెనక తొట్టే నచ్చింది. మూడు పక్కలా డోర్లు. గొళ్ళెం ఎత్తితే ఏ పక్క డోరు ఆ పక్కన కిందికి వాలిపోతుంది. నేలంతా కాలు జారకుండా గట్లు గట్లుగా ఉంది. ఆ గట్ల మధ్య పల్లాల్లో ఇనుప కొక్కేలు. వేలితో లేపితే లేస్తాయి, వదిలేస్తే నేలలో కలిసిపోతాయి. అన్నిటికంటే తమాషా నేల కింద ఉంది. సొరుగు లాగినట్టు లాగితే రెండు పొడుగాటి పలకలు బయటికొచ్చి, వెనక డోరుకు తగులుకుని నేల దాకా ఏటవాలుగా నిలబడతాయి. “బైకైనా ఎక్కుతుంది మేడం, బర్రె అయినా ఎక్కుతుంది” అన్నాడు షోరూమతను. నేను చిన్నపిల్లలా ఆ పలకలను రెండుసార్లు లాగి, రెండుసార్లు తోశాను. బావ నవ్వి, “సాలు పా, అరిగిపోతాది” అన్నాడు.

అక్కడి నుంచి కాణిపాకంలో పూజ. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది. ఆ తర్వాత బండి ఇంటికి రాలేదు, నేరుగా పలమనేరులో వెల్డింగ్ షాపుకు పోయింది. మా వైపు కొత్త బండి కొంటే వెల్డింగ్ చేయించడం కొత్త చీరకు ఫాల్ కుట్టించినంత మామూలు విషయం. కంపెనీ ఇచ్చిన తొట్టిని ఉన్నదున్నట్టు వాడేవాణ్ణి నేనైతే చూడలేదు. పక్క డోర్ల మీద నిలువెత్తు ఇనుప యాంగిల్లు నిలబెట్టి, అడ్డకమ్మీలు వేసి, డోర్లు అదరకుండా మూలల్లో అతికేశారు. నేల అరిగిపోకుండా మందపాటి ఇనుప రేకు పరిచి చుట్టూ అతికేశారు. వెనక ఎవడైనా గుద్దితే అని ఒక లావు యాంగిల్ అడ్డంగా బిగించారు. అది సరిగ్గా ఆ పలకల సొరుగు నోటికి అడ్డం పడింది. “అన్నీ మూసేస్తే ఎట్లా బావా? వాటిని సూసే గదా ఈ బండి కొన్నావు” అన్నాను. “తొట్టి ఇంత పొట్టిగా ఉంటే టమేటా బాక్సులు యాడ పడతాయి పాపా? కంపెనోడికేం తెలుసు మన లోడు” అన్నాడు. వెల్డింగ్ అతను తల కూడా ఎత్తకుండా ఔనన్నాడు. తమలపాకు మీద కర్పూరం ఆరక ముందే బండి మన బండి అయిపోయింది.

చుక్కను ఎక్కించడం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. పలకలు రావు కదా. బండిని చేలోకి పోనిచ్చి, కాలవ గట్టుకు వెనక్కి ఆనించి, గట్టు మీద నుంచి ఆవును తొట్టిలోకి నడిపించాం. నొప్పుల మీద ఉన్న ఆవు గట్టు ఎక్కాలంటే మాటలా? నాలుగడుగులు వేసేది, ఆగేది, మూలిగేది. అక్క ముందు నిలబడి, “రా తల్లీ, రా చుక్కా” అంటూ ఉంటే ఆ గొంతు కోసం ఎక్కింది. రేకు మీద గోనెసంచులు, వరిగడ్డి పరిచి, తలతాడు పై కమ్మీకి కట్టారు. కింద కట్టడానికి కొక్కెం లేదు మరి. అక్క తొట్టిలోనే ఆవు పక్కన నిలబడింది. నేను ముందు బావ పక్కన కూర్చున్నాను. ఏడున్నరకు బయలుదేరాం. దారి చిత్తూరు, పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా. ఖాళీ బండి అయితే మూడు గంటలు చాలు. పశువును వేసుకుని మెల్లగా పోతే ఇంకో గంట కలుపుకోవాలి. అద్దె బండి అయితే అప్పట్లో పదిహేను వందల దాకా అడిగేవాళ్ళు. మాకు సొంత బండి ఉందని ఎంత సంతోషించామో.

మొగిలి ఘాట్ దిగుతుంటే మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. బావ బ్రేకు వేశాడు, గట్టిగా కూడా కాదు. వెనక ఏదో కూలినట్టు బండి ఊగింది. అక్క కేబిన్ మీద రెండు చేతులతో బాదింది. దిగి చూస్తే గోనెలూ గడ్డీ ఒక మూలకు జారిపోయి ఉన్నాయి, రేకు నున్నగా మెరుస్తోంది. చుక్క ఎడమ పక్కకు పడిపోయి ఉంది. తలతాడు పైన కట్టి ఉండటంతో మెడ వేలాడుతోంది, నాలుక బయటికొచ్చింది. బావ కొడవలితో తాడు కోశాడు. ముగ్గురం కలిసి లేపబోయాం. వెన్ను వెళ్ళి ఎడమ పక్క కమ్మీలకు ఇరుక్కుంది. కాళ్ళు రేకు మీద జారుతున్నాయి, పట్టు దొరకడం లేదు. ఆ రేకు కింద గట్ల నేల ఉంది, కొక్కేలు ఉన్నాయి. నడుముకు అటూ ఇటూ తాళ్ళు వేసి ఉంటే పడేది కాదు. నేను ఆ మాట అనక ముందే బావ రేకు వైపు చూస్తూ నిలబడ్డాడు.

బంగారుపాళెంలో నీళ్ళ కోసం ఆగాం. టీ అంగడతను బకెట్ తెచ్చి ఇచ్చి, “ఏం పా, ఈతకా?” అని అడిగాడు. “ఔనప్పా, తిరుపతికి తీసకపోతాండాము” అన్నాడు బావ. అతను టీ కూడా ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. మంచివాడు. ఆవుకు కాసిని నీళ్ళు చిలకరించి, కమ్మీ పట్టుకుని ఊపి చూసి, “బలే గట్టిగా కట్టించినావే, యాడ సేయించినావు?” అన్నాడు. వేరే రోజైతే బావ ఆ వెల్డింగ్ అతని గొప్పలు అరగంట చెప్పేవాడు. ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చుని తలుపు వేసుకున్నాడు. నేనే, “పలమనేరులో” అని చెప్పి బండెక్కాను.

చిత్తూరు దాటాక కాణిపాకం దారి మలుపు దగ్గర బండి కొంచెం నెమ్మదించింది. అద్దంలో చూశాను. అక్క చీర చెంగు చింపి దాంట్లో రూపాయి బిళ్ళ ముడి వేస్తోంది, ముడుపు. మొదటి జున్నుపాలు స్వామికే అని గట్టిగా మొక్కుతుంటే గాలికి సగం మాటలే వినబడ్డాయి. బావ స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి దండం పెట్టాడు. పాకాల వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. అక్క తన పైట కొంగును ఆవు మొహం మీద నీడగా పట్టింది. చుక్క మూలగడం మానేసింది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. చంద్రగిరి కోట ఎటు పక్క పోయిందో కూడా చూడలేదు.

తిరుపతి ఆసుపత్రిలో ఆలస్యం అన్నది లేదు, ఆ మాట ముందే చెప్పాలి. డాక్టరమ్మ, ఆమె వెంట నలుగురు చదువుకునే పిల్లలు పరుగున వచ్చారు. ఆమె కమ్మీల సందులోంచి చూసి, “దూడ ఇరుక్కుని చాలాసేపయింది. ఎడమ డొక్కలో కోయాలి. ఆవు ఆ పక్క మీదే పడుకుని ఉంది. ముందు దించండి” అంది. వెనక డోరు తీసి లాగబోయారు. వెన్ను కమ్మీలకు ఇరుక్కున్న ఆవు అంగుళం కదల్లేదు.

“ఈ పక్క డోరు వాల్చండి” అంది డాక్టరమ్మ.

“అది తెరుచుకోదు మేడం” అన్నాడు బావ.

ఆమె డోరు వైపు చూసింది. గొళ్ళెం పక్కన కంపెనీ అంటించిన పసుపు కాగితం ఇంకా అలాగే ఉంది. ఇక్కడ ఎత్తండి అని బాణం గుర్తు. ఆ బాణం మీదుగానే యాంగిల్ పోయింది. “ఉంది కదా, ఎత్తండి” అంది ఆమె.

“వెల్డింగ్ చేయించేసినాను మేడం” అన్నాడు బావ. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

బయట రోడ్డు మీది షాపు నుంచి గ్యాస్ కటింగ్ అతన్ని ఆటోలో తీసుకొచ్చాం. గడ్డి అంతా ఏరి పారేసి, ఆవు మీద తడి గోనెలు కప్పి, అప్పుడు మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు పడినప్పుడల్లా చుక్క చర్మం వణికేది, లేవడానికి మాత్రం బలం లేదు. అక్క దాని కళ్ళు మూసి పట్టుకుని కూర్చుంది. ఒక్కో అతుకూ తెగడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. అంత గట్టి పని చేశాడు మా పలమనేరు అతను. పక్క డోరు అయ్యాక వెనక యాంగిల్ కూడా కోయమన్నాడు బావ. చివరికి డోరు వాలింది. చప్పుడు లేకుండా, షోరూములో వాలినట్టే. పిల్లలు ఆవును పట్టి రెండో పక్కకు తిప్పారు. డాక్టరమ్మ డొక్క మీద చెయ్యి వేసి, తర్వాత కంటి రెప్ప తెరిచి చూసి, చేతిలో ఉన్న కత్తిని ట్రేలో పెట్టేసింది.

“ముందే దించింటే బతికేదా మేడం?” అని అక్క అడిగింది. డాక్టరమ్మ చాలాసేపు చేతులు కడుక్కుంది. “చెప్పలేనమ్మా” అంది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఎటు అబద్ధం చెప్పినా సరే.

కడుపులో పోయిన దూడతోనే చుక్కను మా చేలో పూడ్చాలని అక్క పట్టుబట్టింది. మళ్ళీ అదే దారి. అక్క కేబిన్లోకి రానంది, వెనకే కూర్చుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బావ ఒక్కటే మాట అన్నాడు. “కంపెనోడు ఆవును సూసి చేసినాడు పాపా. నేను టమేటాలు సూసి చేయించినాను.” నేను ఆయన్ని ఓదార్చలేదు. ఆ రోజు నా దగ్గర ఓదార్పు లేదు. కోపం ఉంది, అది కూడా ఎవరి మీదో తేలలేదు.

మేము ఫోను చేసి చెబితే పల్లెవాళ్ళు పొద్దుగూకక ముందే చేలో గొయ్యి తవ్వి ఉంచారు. బావ వంగి సొరుగు లాగాడు. పలకలు రెండూ జారి బయటికొచ్చి, వెనక డోరుకు తగులుకుని, నేలకు ఆనుకున్నాయి. బరువంతా వాటి మీద పడినా అదరలేదు. ముగ్గురు మనుషులు తాళ్ళు పట్టుకుంటే చుక్క దానంతటదే దిగినట్టు మెల్లగా జారి గొయ్యి పక్కకు చేరింది. పొద్దున ఎక్కించడానికి అరగంట పట్టిన ఆవు. అక్క ఆ పలకల వైపు చూసి, “ఇంత సులబంగా దిగుతాదా ఇది” అంది. కాణిపాకం ముడుపు విప్పి, ఆ రూపాయిని కూడా గోతిలో వేసేసింది.

ఇప్పటికి ఏడాది దాటింది. ఎక్కడో ఒక మనిషి కాగితం ముందు కూర్చుని, నిండు ఆవు మోకాళ్ళ గురించి, జారే గిట్టల గురించి, దించేటప్పుడు పట్టేవాళ్ళు ముగ్గురే ఉంటే ఎలా అని ఆలోచించి ఉంటాడు. మన ఊరి పేరు కూడా తెలియని మనిషి. ఆయన ఆలోచన అంతా మా ఇంటి దాకా వచ్చింది. పూజ చేయించి, దాని మీద ఇనుము పరిచేశాం. బావ ఆ బండిని మళ్ళీ వెల్డింగ్ చేయించలేదు. తక్కువ బాక్సులు వేసుకుని తిరుగుతున్నాడు, మార్కెట్లో నవ్వితే నవ్వనీ అంటున్నాడు. దానివల్ల అక్క కొట్టంలోకి ఏమీ తిరిగి రాలేదు. అక్క ఇంకో ఆవును కొనలేదు. ఆ బండి కూడా ఎక్కలేదు, చిత్తూరుకు పోవాలన్నా బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతుంది.

తిరుపతికి పశువును తీసుకుపోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. బండి మాట్లాడుకునేటప్పుడు బాడుగ తర్వాత అడగండి. ముందు మీ కళ్ళ ఎదుట పక్క డోర్లు వాల్చి చూపించమనండి. తెరుచుకోకపోతే ఇంకో బండి చూసుకోండి, అది మీ బావదైనా సరే.